ఊరమిరపకాయ కూడా ఊరగాయే



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి రక్తపోటుతో వచ్చేవారికి నేను ఏళ్ల తరబడి ఒకే మాట చెప్పాను: "ఊరగాయ మానండి." ఆ మాటతో నా బాధ్యత తీరిందనుకున్నాను. ఒకనాడు ఒక రైతు వచ్చాడు. వయసు అరవై దాటింది. మందులు వేళ తప్పకుండా వేసుకుంటున్నాడు, అయినా రక్తపోటు దిగడం లేదు. ఊరగాయ సంగతి అడిగాను. "ఊరగాయ ముట్టి ఆర్నెల్లయింది సార్. సంగట్లోకి ఊరమిరపకాయలు రెండు నంచుకుంటా, అంతే" అన్నాడు. పక్కన కూర్చున్న ఆయన భార్య ఊరుకోలేదు. "రెండు యాడ సార్, పూటకు అయిదారు లేకుంటే ముద్ద దిగదు" అన్నది.

తప్పు ఆయనది కాదు, నాది. ఊరగాయ అనగానే ఆయన కంటికి కనిపించింది జాడీలోని మామిడికాయ, నిమ్మకాయ. నూనెలో కరకరలాడేటట్లు వేయించిన మిరపకాయ ఆయన లెక్కలో ఊరగాయ కాదు, అప్పడం వంటి ఒక నంజుడు మాత్రమే. కాని పేరును ఒక్కసారి విడదీసి చూడండి. ఊరిన కాయ ఊరగాయ. ఊరిన మిరపకాయ ఊరమిరపకాయ. రెండింటిలోనూ ఉన్నది ఒకే క్రియ. ఉప్పులో ఊరినది ఎండినా, వేగినా దానిలోని ఉప్పు ఎక్కడికీ పోదు. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది.

"మా తాతలు తినలేదా? వాళ్లకు ఈ రోగాలు ఉండేవా?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వైద్యశాస్త్రంలో కంటే మన వంటింటి చరిత్రలోనే స్పష్టంగా దొరుకుతుంది. ఒక వేయించిన ఊరమిరపకాయలో నాలుగు సంగతులున్నాయి: ఎండబెట్టే విద్య, మిరప, ఉప్పు, నూనె. ఈ నాలుగింటి వయసూ ఒకటి కాదు.

ఎండబెట్టే విద్య

నాలుగింటిలో ఇదే పాతది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో, శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టిన భోజనాలను ఋతువుల వారీగా వర్ణించాడు. వానకాలపు భోజనంలో అన్నం, పప్పు, కూరలు, పెరుగుతో పాటు వడియాలు, వరుగులు కూడా ఉన్నాయి. ముసురు పట్టి కూరగాయలు దొరకని నాళ్లకు, ఎండకాలంలో దాచుకున్న తిండి అది. అయిదు వందల ఏళ్ల నాడే మనవారికి ఈ విద్య తెలుసుననడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి తెలుగు నేర్చిన సి.పి.బ్రౌన్ తన నిఘంటువులో వరుగు అనే మాటకు చోటిచ్చాడు.

కడప సీమకు ఈ విద్య మరీ అవసరమైనది. ఇక్కడ ఏడాదికి సగటున పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. పులివెందుల వైపు అంతకంటే తక్కువ. వాన పడినప్పుడు పండినది వాన లేనప్పటికి దాచుకోవాలి. జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డున ఉన్న గండికోటకు వెళ్లినవారు మసీదు దగ్గర పెద్ద ధాన్యాగారాన్ని చూసే ఉంటారు. కోటకు ధాన్యాగారం ఎలాగో, ఇంటికి వరుగుల కుండ అలాగ. వాన తక్కువ కనుక ఇళ్లకు మట్టి మిద్దెలు వేసుకున్నారు. ఎర్రగుంట్ల పరిసరాల్లో దొరికే నల్లని నాపబండలు పరుచుకున్నారు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండకు కాలే మిద్దె, బండ, ఈ రెండూ మన ఆడవారికి పైసా ఖర్చు లేని పొయ్యిలు. గోరుచిక్కుడు, వంకాయ, కాకర, మామిడి అన్నీ అక్కడ ఎండినవే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. బాగా ఎండిన వరుగుకు ఉప్పు తప్పనిసరి కాదు. సూక్ష్మజీవులు బతకడానికి నీరు కావాలి. నీరు లేకపోతే ఉప్పు లేకున్నా వస్తువు చెడదు. ఈ మాట చివరిలో మనకు పనికివస్తుంది.

మిరప

కృష్ణదేవరాయల కాలానికి మన వంటలో కారమంటే ప్రధానంగా మిరియమే. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తరువాతే అది మిగతా ప్రపంచానికి తెలిసింది. 1510లో గోవాను పట్టుకున్న పోర్చుగీసుల ద్వారా మన దేశానికి వచ్చింది. ఆ కొత్త కాయకు మనవారు కొత్త పేరు వెతకలేదు. మిరియం వలె మండే కాయ కనుక మిరపకాయ అన్నారు. మిరియం కొనుక్కోవలసిన సరుకు, మలబారు కొండల నుంచి రావాలి. మిరప పెరట్లోనే కాస్తుంది. పేదవాడి ముద్దకు రుచి దొరికింది. కాలక్రమంలో పాత వరుగు విద్య, పులిసిన చల్ల, కొత్త మిరప కలిసి ఊరమిరపకాయ పుట్టింది. చల్ల మిరపకాయ అన్నా అదే.

ఉప్పు

ఇప్పుడు అసలు కథకు వద్దాం. కడపకు సముద్రం లేదు. అయినా ఒకప్పుడు ఇక్కడ ఉప్పు తయారయ్యేది. చవుడు నేలల మన్నును నీటితో కడిగి, ఆ ఉప్పునీటిని వడకట్టి, ఎండలో ఆరబెట్టో పొయ్యిమీద మరిగించో మట్టి ఉప్పు తీసేవారు. ఉప్పర అనే పేరు ఆ వృత్తి నుంచి వచ్చినదే. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అందుకే వీటికి దత్తమండలాలు అని పేరు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగిసేకొద్దీ, పన్ను కట్టని ఈ మట్టి ఉప్పు దొరల కంటికి దొంగసరుకైంది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాలకు దానిని అణచివేశారు. ఉప్పు తీసిన చేతులు చెరువు మట్టి తవ్వే పనికి మళ్లాయి. ఇక వాడినదల్లా తీరం నుంచి వచ్చే, పన్ను కట్టిన ఉప్పే.

ఆ పన్ను బరువు ఎంతో లెక్క వేసి చూపుతాను. 1876-78 నాటి మహా కరువు దత్తమండలాలను పీల్చి పిప్పి చేసింది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లోని మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా డబ్బు చాలునని నిర్ణయించాడు. పౌను అంటే 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనరైన డాక్టర్ కార్నిష్ అది కష్టం చేసే ఒంటికి చాలదని గట్టిగా వాదించాడు. కొద్ది నెలల్లో కూలి పెంచక తప్పలేదు. ఒక వైద్యుడిగా ఆ పేరును నేను గౌరవంతో తలుచుకుంటాను. కాని ఆ కరువు ముగియకముందే మద్రాసు రాజధానిలో ఉప్పు పన్ను మణుగుకు ఒక రూపాయి పదమూడు అణాల నుంచి రెండున్నర రూపాయలకు పెరిగింది. నాటి ప్రభుత్వపు మణుగు సుమారు 37 కిలోలు. అంటే కిలో ఉప్పు మీద పన్నే ఒక అణాకు పైబడింది. టెంపుల్ కట్టిన కూలితో కొలిస్తే, కిలో ఉప్పు పన్నుకే ఒక రోజు డబ్బు మొత్తం చెల్లిపోతుంది. 1882లో పన్నును రెండు రూపాయలకు తగ్గించినా, ఉప్పు మాత్రం పేదవాడికి బరువుగానే ఉండిపోయింది. 1930లో గాంధీజీ దండి తీరాన పిడికెడు ఉప్పు తీసినప్పుడు దేశమంతా కదిలిందంటే, ఆ బరువు ప్రతి ఇంటికీ తెలిసినదే కనుక. 1947లో గాని ఆ పన్ను పూర్తిగా పోలేదు.

ఇంత ఖరీదైన ఉప్పును ఎవరైనా గుమ్మరిస్తారా? జొన్న సంగటి, కొర్రన్నం, రాగి ముద్ద తిని, మిట్టమధ్యాహ్నపు ఎండలో నాగలి పట్టి, చెమటలో ఉప్పు పోగొట్టుకునే మనిషికి ఒక్క ఊరమిరపకాయ నాలుగు ముద్దలకు వచ్చేది. ఆ మనిషికి అది తగిన తిండే.

నూనె

నాలుగోది నూనె. ఈ కథ ఇంకా కొత్తది. ఇవాళ వేరుశనగ లేని కడప జిల్లాను మనం ఊహించలేము. ఇక్కడి వాడుకలో శెనక్కాయ అంటే వేరుశనగే. కాని అది కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చినదే. మద్రాసు రాజధానిలో 19వ శతాబ్దంలో మొదట దక్షిణ ఆర్కాటు వైపు విస్తరించి, పాండిచ్చేరి రేవు నుంచి ఫ్రాన్సు దేశపు మార్సేయ్‌కు ఎగుమతి అయ్యేది. రాయలసీమ నేలల్లో అది రాజ్యమేలింది 20వ శతాబ్దంలోనే. అంతకుముందు వంటకు నువ్వుల నూనె, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో పండే కుసుమల నూనె, దీపానికి ఆముదం. గానుగ ఆడితే వచ్చిన కాసింత నూనెను గరిటెతో కొలిచి వాడేవారు. బాణలి నిండా నూనె పోసి వేయించడం పండుగనాటి మాట. మామూలు రోజున మిరపకాయను నాలుగు చుక్కల నూనెలో పెనం మీద దోరగా కాల్చుకోవడమో, నిప్పుల మీద చూపడమో జరిగేది. ప్రొద్దుటూరు వంటి వ్యాపార పట్టణాల్లో నూనె మిల్లులు వెలసిన తరువాత నూనె డబ్బాలలో ఇంటికి వచ్చింది, బాణలి రోజూ పొయ్యి ఎక్కింది.

ఊరవేసినదాన్ని వేయించుకు తినే సరదా మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో ఆట్కిన్స్ అనే చిన్న పట్టణంలో, 1963లో బెర్నెల్ ఆస్టిన్ అనే హోటలు యజమాని ఉప్పునీట ఊరిన దోసకాయ ముక్కలను పిండిలో ముంచి వేయించి అమ్మడం మొదలుపెట్టాడంటారు. అది ఆ దేశమంతా పాకింది. ఉప్పు, పులుపు, నూనె, కరకర ఈ నాలుగూ కలిస్తే నాలుక ఏ దేశంలోనైనా లొంగుతుంది. అందుకే చెయ్యి ఆగదు.

తాతల లెక్క, మన లెక్క

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు చెప్పగలను. తాతలు తిన్నారు, నిజమే. కాని తాతలకు ఎండ మాత్రమే ఉచితం. ఉప్పు, నూనె ఖరీదు. మనకు ఉప్పు, నూనె చవక, ఒంటికి పట్టే ఎండే కరవైంది. వంటకం పేరు మారలేదు, కొలత మారింది.

కొలత ఎంత మారిందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కిలో పచ్చిమిరపకాయలకు 75 గ్రాముల ఉప్పు వేశారనుకోండి. కిలోకు 150 కాయలు తూగాయనుకోండి. పగలు ఎండబెట్టి, రాత్రి మళ్లీ అదే చల్లలో వేసి, చల్ల మొత్తం ఇగిరిపోయేదాకా ఊరవేస్తాము కనుక, ఉప్పు దాదాపు మొత్తం కాయల్లోనే చేరుతుంది. కాయకు అర గ్రాము. పూటకు అయిదారు కాయలంటే రెండున్నర నుంచి మూడు గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు చెప్పిన హద్దు 5 గ్రాముల లోపు. కూర, పప్పు, చారు ఇంకా లెక్కలోకి రానే లేదు, సగానికి పైగా నంజుడుకే సరిపోయింది. రెండు పూటలా తింటే హద్దు అక్కడే దాటుతుంది. నా రైతు మందులు ఎందుకు పనిచేయలేదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇది ఒక్కరి సంగతి కాదు. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 20 ఏళ్లు దాటినవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. అందరికీ కారణం ఉప్పే అనను. కాని మన చేతిలో ఉన్న కారణాలలో అది ముందు వరుసలోనిది.

మానవద్దు, కొలత మార్చండి

ఇంత చదివాక, ఊరమిరపకాయను ఇంటి నుంచి వెళ్లగొట్టమని చెబుతానని మీరు అనుకోవచ్చు. అలా చెప్పను. అయిదు వందల ఏళ్ల విద్యను ఒక చీటీతో కొట్టివేయడం వైద్యుడికి తగదు. విద్యను ఉంచుకొని కొలత మార్చడమే మార్గం.

ఇందాకటి మాట గుర్తుచేసుకోండి: బాగా ఎండినదానికి ఉప్పు కాపలా అక్కరలేదు. ఉప్పు నిజంగా కావలసింది కాయ తడిగా ఉన్న రోజుల్లోనే. తడి రోజులు తగ్గిస్తే ఉప్పూ తగ్గుతుంది. కారం తక్కువగా ఉండే లావుపాటి కాయలు తెచ్చి, కడిగి, తడి లేకుండా తుడవండి. తొడిమ ఉంచి, నిలువునా ఒక గాటు పెట్టండి. గింజలు కొన్ని తీస్తే కారం తగ్గుతుంది. బాగా పులిసిన చిక్కటి చల్లలో, కిలో కాయలకు 75 గ్రాములకు బదులు 30 గ్రాముల ఉప్పు, కొంచెం పసుపు కలిపి, ఒక్క రాత్రి మాత్రమే ఊరనివ్వండి. చల్ల పులుపు కూడా సూక్ష్మజీవులను కొంత అదుపు చేస్తుంది. తెల్లవారగానే చల్ల నుంచి తీసి, వడకట్టి, నేరుగా ఎండలో వేయండి. మిగిలిన చల్లలో మళ్లీ వేయవద్దు. ఆ చల్లతో పాటు కొంత ఉప్పు బయటికే పోతుంది. ఏప్రిల్, మే నెలల కడప ఎండలోనే ఈ పని చేయాలి. మబ్బు పట్టిన రోజుల్లో తక్కువ ఉప్పుతో ప్రయోగం వద్దు. కాయ వంచితే పుటుక్కున విరగాలి, ఊపితే గింజ గలగలలాడాలి. అప్పుడే డబ్బాకు ఎత్తండి.

తరువాత బూజు కనిపిస్తే, దులిపి వాడుకోకుండా మొత్తం పారేయండి. 1960లో ఇంగ్లండులో వేలకొద్దీ టర్కీ కోళ్లు చనిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలోని బూజు విషమే కారణమని తేలింది. అదే అఫ్లటాక్సిన్. కాలేయానికి చేటు చేసే ఆ విషం వేడికి సులభంగా నశించదు. కాయను నూనెలో వేయించినంత మాత్రాన పోదు.

వేయించడానికి బాణలి నిండా నూనె అక్కరలేదు. పెనం మీద రెండు చెంచాల నూనె వేసి, సన్నని మంట మీద కాయలను కదుపుతూ ఉంటే, చల్లలోని మాంసకృత్తులు, చక్కెర ఎర్రబడి అదే కమ్మని వాసన, అదే కరకర వస్తాయి. మాడి నల్లబడకముందే దించండి. ఒకసారి కాగిన నూనెను పదేపదే కాచవద్దు. వేయించే నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం మించితే దానిని వాడరాదని మన ఆహార భద్రత సంస్థ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. ఇంట్లో ఆ శాతం కొలవలేము. నూనె నల్లబడినా, చిక్కబడినా, నురగ కట్టినా దాని పని అయిపోయిందని తెలుసుకోండి.

ఇలా చేసినా ఆరోగ్యవంతులు భోజనానికి ఒకటి రెండు కాయలతో ఆగాలి. గుండె బలహీనత, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఇది కూడా మానడమే మేలు. బజారులో దొరికే పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పును మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా వాడరాదు. కరకర మాత్రమే కావాలనుకునేవారికి ఉప్పు లేకుండా ఎండిన గోరుచిక్కుడు వరుగు, కాకర వరుగు ఉన్నాయి. రాయలవారి పుస్తకంలో చోటు సంపాదించినవి కదా, వాటికి తక్కువేమీ లేదు.

ఆ రైతు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు నేను మాత్ర మార్చలేదు. ఆయన భార్యతోనే మాట్లాడి, ఈ లెక్క వేసి చూపాను. ఆ ఏడు ఎండల్లో ఆమె ఉప్పు తగ్గించి మిరపకాయలు పెట్టింది, ముద్దకు ఒకటి అని కట్టడి చేసింది. తరువాతి నెలల్లో ఆయన రక్తపోటు కొంత దిగింది. ఒక్కరి అనుభవం రుజువు కాదని నాకు తెలుసు. కాని ఆనాటి నుంచి నేను "ఊరగాయ మానండి" అనడం మానేసి, "ఊరినవి ఏమేమి తింటారు?" అని అడగడం నేర్చుకున్నాను. మీ ఇంట్లో రక్తపోటు ఉన్నవారుంటే ఈ రోజు భోజనం దగ్గర మీరూ ఆ ప్రశ్న అడగండి. జాడీలోని వాటితో పాటు, డబ్బాలో గలగలలాడేవాటినీ లెక్కపెట్టండి.